ఊడిపోయిన ముడి నాదే

ఇవాళ మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక కస్టమర్ కళ్లముందు, నేను వేసిన ముడి ఊడిపోయింది. పూసలన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఇంతవరకూ ఈ పనిలో మామూలే. ఆ తర్వాత నా నోట్లోంచి వచ్చిన మాట మామూలుది కాదు. కొత్తగా ఈ పనిలోకి వస్తున్నవాళ్ల కోసం నా అనుభవాలు రాయమని కొందరు అడుగుతుంటే ఇన్నాళ్లూ వాయిదా వేశాను. ఇవాళ రాయకపోతే ఇక నిజం రాయనేమోనని కూర్చున్నాను.

ముందు సంగతి చెబుతాను. గాజుల దుకాణాల గల్లీలో నాకు పూసల దుకాణం ఉండేది. ఎలాస్టిక్ దారంలో పూసలు గుచ్చి బ్రేస్‌లెట్లు కట్టివ్వడం, తెగినవాటిని మళ్లీ కట్టడం నా పని. కళ్లు మసకబారాక దుకాణాన్ని స్వరూపకు అప్పగించాను. ఆమె నా దగ్గర ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి. ఇప్పుడు ఓనరు ఆమె. నేను రిటైరయ్యాను. రిటైరయ్యానంటే ఎల్బీనగర్‌లో ఇంట్లో కూర్చున్నానని కాదు. పొద్దున టిఫిన్ కాగానే మెట్రో ఎక్కి అదే దుకాణానికి వెళ్లి అదే స్టూలు మీద కూర్చుంటాను. మా ఆవిడ సత్తెమ్మ దీన్ని జీతం లేని డ్యూటీ అంటుంది. స్వరూప ఏమీ అనదు. అనకపోతే ఇష్టమేనని నేను అనుకున్నాను.

మా కాలనీలో రత్నకుమారి గారని ఉన్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవారు. మనవరాలి ఓణీల ఫంక్షన్‌కు వచ్చే ఆడవాళ్లందరికీ పూసల బ్రేస్‌లెట్లు ఇవ్వాలని, నా మాట మీద దుకాణానికి బయల్దేరారు. స్వరూప ఓనరయ్యాక ఇంత పెద్ద ఆర్డరు రాలేదు. గల్లీలో కొనేవాళ్లు ఆమెను ఇప్పటికీ "నర్సింహ కాక దుకాణంల పనిచేసే ఆమె" అనే అంటారు. బేరం ఆమెతో ఆడుతూ చూపు నావైపు పెడతారు. ఆ ఫంక్షన్‌లో ప్రతి చేతికీ ఆమె కట్టినది ఒకటి తొడిగితే ఆ మాట పోతుంది. అందుకే నిన్నంతా కూర్చుని నమూనాలు కట్టింది, ముడుల మీద గమ్ము చుక్క పెట్టింది, ఆరడానికి ట్రేలో పరిచింది.

"గవి ముట్టకు కాకా," అంది పొద్దున నన్ను చూడగానే.

నేను వాటిని ముట్టలేదు. ఊరికే ఉండలేక నేనూ ఒకటి కట్టాను. ఎదురుగా ఒక కారాయనా ఒక ఆటోఆయనా పార్కింగ్ దగ్గర తిట్టుకుంటుంటే, ఆ తిట్లు వింటూ కట్టాను. దారాన్ని ముందు సాగదీయలేదు. గమ్ము పెట్టలేదు. కట్టి ఆమె ట్రేలోనే పెట్టాను.

రత్నకుమారి గారు వచ్చి, "ఇవి గట్టిగా ఉంటాయంటారా?" అని స్వరూపను అడిగారు. స్వరూప నోరు తెరిచేలోపే నేను ట్రేలోంచి నాది తీసి ఆవిడ చేతిలో పెట్టాను.

"ఎంతన్న గుంజున్రి మేడం. ఎద్దుకు కట్టినా ఊడది," అన్నాను.

ఆవిడ గుంజారు.

ముడి జారింది. ఒక పూస పక్కనున్న సోడాబండి మీది గ్లాసులో పడింది. కొన్ని షేర్ ఆటో కిందికి పోయాయి. ఒకటి ఆవిడ కళ్లజోడుకు తగిలి టక్కుమంది. ఆవిడ కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుని, స్వరూప వైపు చూశారు.

"ఏంటమ్మా ఇది? ఇంతేనా నీ పనితనం?"

"అది నేను కట్టింది మేడం" అనాల్సిన చోటు అది. నేను గల్లీ అంతా వినబడేలా నవ్వి, "కొత్త గదా మేడం, నేర్చుకుంటది," అన్నాను.

స్వరూప నావైపు ఒకసారి చూసింది. తర్వాత కింద కూర్చుని పూసలు ఏరుకోసాగింది. "ఆలోచించుకుని చెబుతాలేమ్మా," అని రత్నకుమారి గారు వెళ్లిపోయారు. దుకాణం నడిపినవాళ్లకు ఆ మాటకు అర్థం తెలుసు. నేను "మెట్రోల రష్ అయితది" అంటూ లేచి వచ్చేశాను. మిట్టమధ్యాహ్నం మెట్రోలో రష్ ఏముంటుంది!

ముడి కంటే ముందు

ఇక పని సంగతి. వచ్చేవాళ్లందరూ ముందు ముడి నేర్పమంటారు. ముడి తర్వాత. ఎలాస్టిక్ దారం రీలుకు చుట్టి ఉన్నంతకాలం ముడుచుకుని ఉంటుంది. దాన్ని అలాగే గుచ్చి కడితే, తొడుక్కున్న మనిషి చేతి మీద మెల్లగా సాగుతుంది. పూసల మధ్య సందు వస్తుంది. నాలుగు రోజులకు "కాకా, లూజయింది" అని తిరిగొస్తారు. అందుకని కత్తిరించిన ముక్కను రెండు చేతులా పట్టి, నిదానంగా మళ్లీ మళ్లీ సాగదీయండి. అది చేతి మీద సాగాల్సింది ఏదో మీ దగ్గరే సాగిపోవాలి.

మామూలు ముడి దీనికి పనికిరాదు. దారం నున్నగా ఉంటుంది, ఎప్పుడూ వెనక్కి జారాలనే చూస్తుంది. మేం వేసేదాన్ని డాక్టరు ముడి అంటాం. కుట్లు వేసేటప్పుడు డాక్టర్లు ఇలాంటిదే వేస్తారట. కొసలను ఒకదాని మీద ఒకటి వేసి, ఒకసారి కాకుండా రెండుసార్లు చుట్టి లాగాలి. తర్వాత రెండో వైపు నుంచి మళ్లీ అలాగే. లాగేటప్పుడు కొసలు ఒక్కటే కాదు, పూసలున్న రెండు పక్కలా కూడా లాగితేనే ముడి కూర్చుంటుంది. కూర్చున్న ముడి ఆవగింజలా గట్టిగా వేలికి తగులుతుంది. కళ్లు మసకబారినా అది నా వేలికి ఇంకా తెలుస్తుంది, తడిమి చూసే బుద్ధి ఉంటే.

ఆపైన గమ్ము. క్షణంలో అంటుకునేది వాడకండి. అది దారాన్ని చీపురుపుల్లలా బిరుసు చేస్తుంది, ముడి పక్కనే పుటుక్కుమంటుంది. ఆరాక కూడా మెత్తగా ఉండే గమ్ము దొరుకుతుంది, దానికి ఒక రాత్రి టైమివ్వాలి. గోళ్లరంగుతో సరిపెట్టేవాళ్లు మా గల్లీలోనే ఉన్నారు. నేనూ సరిపెట్టాను. కస్టమర్ బస్టాపు చేరేదాకా అది పట్టుకుంటుంది. కొసలను మరీ మొదలంటా కత్తిరించకండి. కాస్త ఉంచి, పెద్ద రంధ్రమున్న పూసలోకి ముడిని లాగేసి దాచండి.

రాళ్ల పూసలైతే కట్టేముందు ప్రతి రంధ్రాన్నీ చూడండి. లోపల అంచు పదునుగా ఉంటే దారాన్ని రోజూ కొంచెం కొంచెం కోస్తుంది. అలాంటి పూసను పక్కన పడేయడానికి మనసొప్పదు. నాకూ ఒప్పేది కాదు.

కరీం సాబ్

నాకు పని నేర్పింది కరీం సాబ్. సైదాబాద్‌లో ఆయన దుకాణం. నల్గొండ పల్లెనుంచి వచ్చిన నన్ను చూసి, "చేతులు మోటుగున్నయ్, కానీ ఓపికున్నట్టుంది," అని పెట్టుకున్నాడు. ఓపిక విషయంలో ఆయన పొరబడ్డాడు. అప్పట్లో పట్టుదారమే. పూసకూ పూసకూ మధ్య ఒక ముడి. ఎలాస్టిక్ వచ్చినప్పుడు ఆయన దాన్ని వేళ్లతో గుంజి, వదిలి, అది చటుక్కున వెనక్కి రావడం చూసి, "బద్మాష్ దారం ఇది. మనం జూస్తుంటే ఒక తీర్గ ఉంటది, జూడకుంటే ఒక తీర్గ," అన్నాడు. కానీ నేర్చుకున్నాడు. మేకుకు దారం కట్టి, కిందికొసకు పెద్ద తాళంకప్ప వేలాడదీసి సాగదీసేవాడు. దుకాణంలోకి వచ్చినవాళ్లు గోడ నిండా తాళాలు చూసి, తాళంచెవులు చేస్తారా అని అడిగేవారు.

ఒకరోజు ఒక పెద్దావిడ పగడాల బ్రేస్‌లెట్ పట్టుకొచ్చింది. ముందురోజు కట్టించుకున్నది అప్పుడే ఊడింది. కట్టింది నేను. కరీం సాబ్ దాన్ని చేతిలోకి తీసుకుని, "మాఫ్ చెయ్యమ్మా, నా ముడే. వయసైపోయింది," అని అప్పటికప్పుడు కట్టి పంపాడు. ఆమె మెట్లు దిగేదాకా ఆగి నావైపు తిరిగాడు.

"ఆమె ముంగట అది నాది. గిప్పుడు నీది. ఇటు రా మియా."

తర్వాత తిట్టిన తిట్లు రాయను. ఉర్దూలో కొత్త మాటలు చాలా నేర్చుకున్నాను. పనివాడి ముడి ఊడితే కస్టమర్ ముందు ఎవరి పేరు చెప్పాలో అక్కడే చూశాను. చూశాను గానీ నేర్చుకోలేదు. ఆయన వేలి పట్టు నాకు వచ్చింది, నోటి పట్టు రాలేదు.

ప్లాట్ల పెద్దమనిషి

సొంత దుకాణం పెట్టాక వచ్చినవాళ్లలో మర్చిపోలేనివాడు అబ్దుల్లాపూర్‌మెట్ దిక్కు ప్లాట్లు అమ్మించే ఒక పెద్దమనిషి. మణికట్టు మా ఇంటి రోకలంత ఉంటుంది. రుద్రాక్షలు ఎలాస్టిక్‌లో కట్టమన్నాడు. ఒకే పేట దారం చాలదని తెలుసు. రెండు పేటలు వేయాలి. కానీ కారు ఇంజన్ ఆపకుండా నిలబడ్డాడు, నేనూ తొందరపడ్డాను. క్షణంలో అంటుకునే గమ్ము రాసి ఇచ్చేశాను.

మరుసటివారం వచ్చాడు. చేతికి ఏమీ లేదు. నేను స్టూలు మీంచి లేచి నిలబడ్డాను.

"సౌదా ఖరారైంది కాకా. చెయ్యి గలిపిన. గంతే, టప్పుమన్నది. ఒక్కొక్క రుద్రాక్ష ఒక్కొక్క ప్లాటుల పడ్డది. భూమి అమ్మెటాయన తల్లి సూసింది. శివుడే ఒద్దంటున్నడు, సంతకం పెట్టకు బిడ్డా, అన్నది."

"తప్పయింది పటేలా. మళ్ల కట్టిస్త," అన్నాను.

"ఆగు, ఇను. గా భూమి కాయిదాలల్ల లొల్లి ఉన్నదని తర్వాత తెల్సింది. బతికిపోయిన. గిప్పుడు నాకు గట్లాంటిదే గావాలె. మంచి సౌదా అయితే ఆగాలె, చెడ్డదైతే తెగాలె. గసొంటి ముడి ఏస్తవా?"

అలాంటి ముడి లేదని చెప్పాను. నమ్మలేదు. దాచుకుంటున్నావన్నాడు. ఇక్కడ నేను చేసిన పాపం ఒకటుంది. తర్వాత ఆయన ద్వారా వచ్చినవాళ్లు "నీ ముడికి మహిమున్నదంట గదా" అంటే నేను కాదనలేదు. తల కొంచెం వంచి చిన్నగా నవ్వేవాణ్ని. నాసిరకం పనికి మహిమ పేరు పెట్టుకున్నవాణ్ని గల్లీలో నన్నొక్కణ్నే చూశాను.

కోచింగ్ అమ్మాయి

గల్లీ దాటితే అన్నీ కోచింగ్ సెంటర్లే కాబట్టి పరీక్షలముందు మాకు గిరాకీ పెరుగుతుంది. ఒక అమ్మాయి పాత బ్రేస్‌లెట్ తెచ్చింది. దారం పీచులు లేచి, ఇవాళో రేపో అన్నట్టుంది.

"కొత్త దారం ఏద్దాం బిడ్డా."

"కోయొద్దు కాకా. పూజల పెట్టి ఇచ్చిన్రు. కోస్తే పవరు పోతదంట."

సన్న సూదితో పాత దారం పక్కనుంచే కొత్త దారం గుచ్చి, పాతది కోయకుండానే ముడేశాను. నేను చేసిన పనుల్లో అది మంచిది. కాకపోతే పూస రంధ్రాల్లో రెండు దారాలు ఇరుక్కుని బ్రేస్‌లెట్ బిగుసుకుపోయింది. తొడిగితే వేళ్లు ఎర్రబడ్డాయి. "సాగుతది, సాగుతది," అని పంపేశాను. ముందు సాగదీయకుండా కట్టి, తర్వాత సాగుతుందని కస్టమర్‌కు చెప్పేవాణ్ని నమ్మకండి.

పరీక్షయ్యాక ఆ అమ్మాయే వచ్చింది. గేటు దగ్గర చెకింగ్‌లో అలాంటివి పనికిరావని కత్తెర తెచ్చి కట్ చేశారట. పరీక్ష ఎలా రాశావని భయంభయంగా అడిగాను.

"మంచిగ రాసిన కాకా. చెయ్యికి రక్తం ఆడింది గదా."

ఊడాక ఏం చేయాలి

ఎంత జాగ్రత్తగా కట్టినా కొన్ని ఊడతాయి. బ్రేస్‌లెట్‌ను రబ్బరుబ్యాండులా చాచి తొడుగుతారు. వేళ్లమీదుగా దొర్లించి ఎక్కించుకోవాలని కట్టిచ్చేటప్పుడే చూపించండి. స్నానానికి తీయమని చెప్పండి. తీయరు. వాళ్లు తీయలేదన్న సంగతి ఊడినప్పుడు గుర్తుచేయకండి. పూసలు ఏరడానికి మీరు ముందు వంగండి. ఊడిన దాన్ని తెస్తే దారం సంగతి, ఎండ సంగతి, కంపెనీ సంగతి మాట్లాడకుండా, "నేను కట్టిందే, ఇటియ్యండి" అనండి. ఇంత తేలికైన మాటను చెప్పలేకనే ఇవాళ ఇంటికొచ్చి కూర్చున్నాను.

సాయంత్రం

సత్తెమ్మ చాయ్ ఇచ్చి, "ఏంది, గింత జల్ది ఒచ్చినవ్?" అంది. చెప్పాను. ఆమె చీర మార్చుకుని వచ్చి చెప్పులు వేసుకుంది.

"నడువు, ఆమె ఇంటికి. నేనూ ఒస్త."

రత్నకుమారి గారి ఇల్లు మా వెనకవీధిలోనే. తలుపు ఆవిడే తీశారు. కూర్చోకుండానే చెప్పేశాను.

"అమ్మా, మధ్యాహ్నం ఊడింది స్వరూప కట్టింది కాదు. నేను కట్టిన."

ఆవిడ నావైపు చాలా మెత్తగా చూశారు. "మీరెంత మంచివారండీ. ఆ అమ్మాయికి ఆర్డరు పోతుందని తప్పు మీమీద వేసుకుంటున్నారు."

"అట్ల కాదమ్మా. నిజంగనే నాది."

"ఏవండీ, ఇలా రండి, విన్నారా?" అని లోపలికి పిలిచారు. భర్త సుబ్బారావు గారు వచ్చి, సంగతి విని, నా రెండు చేతులూ పట్టుకున్నారు. "ఈ రోజుల్లో ఇలాంటి గురువులు ఎక్కడున్నారండీ!"

అబద్ధమాడితే నమ్మారు, నిజం చెబితే దండ వేసేలా ఉన్నారు. జేబులో దారం ఉంది, పూసలున్నాయి. ఎప్పుడూ ఉంటాయి. "చూడున్రి, పొద్దున ఎట్ల కట్టిన్నో అట్లనే కడత," అని వాళ్లముందే సాగదీయకుండా, గమ్ము లేకుండా గబగబా కట్టి సుబ్బారావు గారికిచ్చాను. ఆయన గుంజారు. ఊడలేదు. కాలి బొటనవేలికి తగిలించి గుంజారు. ఊడలేదు.

"చూశారా? మీ ముడి ఊడదండీ," అన్నారు సంతోషంగా.

నా ముడి గట్టిగా ఉందని నేను బాధపడటం అదే మొదటిసారి. ఇంకొకటి కట్టాను. అదీ ఆగింది. భయపడుతూ కడితే చేతులు శ్రద్ధగా పనిచేస్తాయని ఇన్నేళ్లకు తెలిసింది. అప్పుడు సత్తెమ్మ ముందుకొచ్చింది.

"అమ్మా, ఈయన గంత మంచోడు కాదు. పెండ్లయిన కాడికెల్లి జూస్తున్న. కూర మాడితే స్టవ్వుది తప్పంటడు. బస్సు పోతే డ్రైవర్‌ది తప్పంటడు. ఇంకొకల్ల తప్పు మీదేసుకునే గుణమే ఉంటే నేను గింత పరేషాన్ ఎందుకయిత?"

రత్నకుమారి గారు ఆమెను చూశారు, సుబ్బారావు గారిని చూశారు, మళ్లీ నన్ను చూశారు. ఈసారి ఆ చూపులో మెత్తదనం లేదు.

"అయితే మధ్యాహ్నం ఆ అమ్మాయిని నిష్కారణంగా అన్నానన్నమాట."

"అవునమ్మా."

"మీరు పక్కనే ఉండి అననిచ్చారు."

"అవునమ్మా."

"రేపు నేనే వెళ్లి ఆవిడతో మాట్లాడతాను. ఆవిడ కట్టినవే కావాలి. మీరు మాత్రం దయచేసి ఒక్కటి కూడా కట్టకండి."

బయటికొచ్చాక నాకు కొంచెం తేలికైంది. టీ తాగుదామా అన్నాను. సత్తెమ్మ ఆగింది.

"ఈమెకు చెప్పినవ్, సరే. స్వరూపకు చెప్పినవా?"

చెప్పలేదు. అసలు మనిషిని వదిలేసి ఆర్డరు దగ్గరికి పరుగెత్తాను. సత్తెమ్మ ఇంటివైపు నడిచింది, నేను మెట్రో వైపు. ఇప్పుడు నిజంగానే రష్ ఉంది.

గల్లీలో లైట్లు వెలిగాయి. స్వరూప ఒక కస్టమర్‌ను పంపి, నన్ను చూసినా చేతిలో పని ఆపలేదు. రత్నకుమారి గారి ఇంట్లో జరిగింది చెప్పి, "నన్ను మాఫ్ చెయ్యి స్వరూపా," అన్నాను.

"ఆమెకు చెప్పినవ్. నాకు చెప్పినవ్. కానీ మధ్యాహ్నం నువ్వన్న మాట గల్లీ మొత్తం విన్నది గదా కాకా," అంది.

బయల్దేరాను. ముందు సోడాబండి ఆయన. "ఊడిన ముడి నాది, ఆమెది కాదు," అన్నాను. ఆయన, "ఏ ముడి? మస్తు గిరాకున్నది, నేనేం జూడలే. గ్లాసుల పూస మాత్రం ఎవలదో తెల్వలే," అని పూస తిరిగిచ్చాడు. తెలియనివాడికి కూడా తెలియజేశాను. చెప్పుల దుకాణం ఆయన మొత్తం విని, అదే సంగతి మళ్లీ గట్టిగా చెప్పమన్నాడు, లోపలున్న వాళ్లావిడ కోసం. చెప్పాను. చివరికి గాజుల దుకాణం లక్ష్మణ్ దగ్గరికి వెళ్లాను. అతను గాజుల డబ్బాలు సర్దుతూ తల ఎత్తకుండానే నవ్వాడు.

"గల్లీల దుకాణాలోల్లందరికి ఎర్కే కాకా. స్వరూప ముడి ఊడంగ మేం ఎప్పుడు జూడలే. నువ్వు ఎప్పుడు ఒప్పుకుంటవో అని జూస్తున్నం."

కొనేవాళ్లకే ఆమె ఎవరో తెలియదు, పక్క దుకాణాల వాళ్లకు ఎప్పుడో తెలుసు. అందరికంటే ఆలస్యంగా తెలిసింది నాకు. తిరిగి వచ్చి గడప దగ్గర నిలబడ్డాను. స్టూలు మీద కూర్చోలేదు.

"అయిపాయెనా?" అంది స్వరూప.

"అయిపాయె. రేపటిసంది రాను. వచ్చినా ముట్టను."

ఆమె చేతిలోని ముడిని లాగి, వేలితో తడిమి, దాన్ని ట్రేలో పెట్టింది. గమ్ము మూత బిగించింది.

"మేడంవి ముట్టకు. తెగినవి మళ్ల కట్టేటివి కుప్పబడ్డయి, గవి కట్టు. కానీ కట్టినంక ట్రేల పెట్టకు. ఒక్కొక్కటి నాకు చూపియ్యి."

"చూపిస్త," అన్నాను.